పనస మానులో మద్దెల

2014 జూన్‌లో బళ్లు తెరిచాక కూడా మేం ముగ్గురం ఇంట్లోనే ఉండిపోయాం. అప్ప (మా వైపు అక్కని అలాగే అంటాం) ఎనిమిదికి, నేను ఆరుకి, తమ్ముడు మూడుకి వెళ్లాల్సిన ఏడాది. ఊళ్లో తలో కారణం చెప్పుకున్నారు. ఫీజులు కట్టలేక మానిపించారని కొందరు, పిల్లలకి దిష్టి తగిలిందని కొందరు. అసలు సంగతి వయొలిన్.

అప్ప అప్పటికే విజయనగరంలో ఒక మాస్టారి దగ్గర వయొలిన్ నేర్చుకుంటోంది. ఎనిమిదో తరగతి నుంచి ఐఐటీ ఫౌండేషన్ ఉంటుందనీ, సాయంత్రం ఏడింటిదాకా స్టడీ అవర్స్ అనీ, "ఈ సంగీతాలూ అవీ పదో తరగతి అయ్యాక చూసుకోండి" అనీ మా ప్రైవేటు స్కూల్లో చెప్పారు. నాన్న వాళ్లతో వాదించలేదు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ "మానిపించేద్దాం" అన్నాడు. వయొలిన్ అనుకుని అప్ప ఏడుపు మొదలెట్టింది. నాన్న అన్నది స్కూలు గురించి.

అమ్మ బీఈడీ చేసింది. మా స్కూల్లోనే లెక్కలు చెప్పేది. తమ్ముడికి ఆ వ్యాన్‌లో రోజూ వాంతులే. అమ్మ రాజీనామా రాసిచ్చి, "ఒక్క ఏడాది నేనే చెబుతాను, తరవాత సంగతి తరవాత" అంది. తాత మాత్రం అరుగు మీంచి లేవకుండానే అడిగాడు: "బడి మానేసి ఈ గుంటలు మరేటి సేత్తారు? గేదెలు కాత్తారా?"

చివరికి చేసింది దాదాపు అదే.

మా ఊరు గజపతినగరానికీ నెల్లిమర్లకీ మధ్య, చంపావతి ఒడ్డున. పల్లంలో వరి, మెట్టలో గోగు, చోళ్లు (రాగులు), ఇంటి వెనక పాత మామిడితోట, దాని మూల ఒక పెద్ద పనస. పశువుల సాలలో రెండు గేదెలు, ఒక జత ఎడ్లు. కోళ్లకి లెక్క లేదు. కుక్కకి పేరు లేదు, ఎవరు పిలిచినా వచ్చేది.

పొద్దున పాలు పితికి కేంద్రానికి పంపాక రెండు గంటలు పుస్తకాలు. ఆ రెండు గంటలూ అమ్మ మాకు అమ్మ కాదు, టీచరే. నవ్వితే ఊరుకునేది కాదు. తరవాత మా ఇష్టం. ఇప్పుడు హోమ్ స్కూలింగ్ గురించి గొప్పగా చెప్పేవాళ్లని వింటుంటే నాకు ఒక్క మాట అనాలనిపిస్తుంది. ఆ ఏడాది స్వేచ్ఛ మాది, చాకిరీ అమ్మది. రాత్రి అందరూ పడుకున్నాక మర్నాటి పాఠం రాసుకుంటూ, మధ్యలో లేచి పెరుగు తోడుపెట్టి మళ్లీ కూర్చునేది. పోయిన జీతం గురించి ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు.

వానలు పడ్డాక ఉభాలు, అంటే వరినాట్లు, మొదలయ్యాయి. ఆ వారాల్లో ఇంక పుస్తకాల ఊసే లేదు. ఆకు (వరి నారు) తీసి కట్టలు కట్టి మడుల్లోకి విసరడం మా పని. నాటుతూ ఆడవాళ్లు పాడే పాటలు అప్ప గట్టు మీద నిలబడి వినేది. ఇంటికొచ్చి వయొలిన్ మీద వాయించడానికి చూసేది, కుదిరేది కాదు. వాళ్ల స్వరం ఒక చోట నిలబడదు, నడుం వంచి లేచినప్పుడల్లా ఊగుతుంది. ఓ రోజు వయొలిన్ గట్టు మీదకే తెచ్చింది. మా వరసకి అత్త ఒకావిడ బురద చేతులతోనే నిలబడి, "ఓలమ్మో, ఆ కర్రముక్కకి మా పాటొచ్చునేటి" అని పకపకా నవ్వింది. పాట నాలుగైదు స్వరాల్లోనే తిరుగుతోందని అప్ప చివరికి కనిపెట్టి మాస్టారికి వాయించి చూపించింది. వర్ణం సాధన చెయ్యమంటే నాట్ల పాట తెచ్చిందని తిడతారనుకున్నాం. ఆయన రెండోసారి వాయించమని కళ్లు మూసుకుని కూర్చున్నారు.

విజయనగరం వెళ్లే రోజుల్లో నన్నూ తోడు తీసుకెళ్లేవారు. సంగీత కళాశాల ముందు నుంచి వెళ్లినప్పుడల్లా నాన్న అదే చెప్పేవాడు. 1919లో మహారాజు విజయరామ గజపతిరాజు పెట్టిన కళాశాల ఇది. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. ఆ ఏడాదే చేరదామని వచ్చిన కుర్రాడు ద్వారం వెంకటస్వామినాయుడి వాయింపు విని, విద్యార్థిగా కాదు, వయొలిన్ ఆచార్యుడిగా తీసుకున్నారు. 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యాడు. ఘంటసాల చిన్నప్పుడు ఇక్కడికి చదువుకోవడానికి వచ్చి ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకునే మధూకరం ఎత్తి కడుపు నింపుకున్నాడు. ఆ చివరి ముక్క వచ్చేసరికి నాకు ఆకలేసేది. నాన్న ఇడ్లీ కొనిపెట్టేవాడు. ఏ కథకి ఇడ్లీ వస్తుందో నాకు బాగా తెలుసు కాబట్టి నేనే గుర్తుచేసేదాన్ని.

తాతకి ద్వారం కన్నా దాసుగారంటేనే ఎక్కువ గురి. నారాయణదాసు పుట్టిన అజ్జాడ బొబ్బిలి వైపే. రెండు చేతులు, రెండు కాళ్లు, తల, ఐదింటితో ఐదు తాళాలు ఒకేసారి వేసి హరికథ చెప్పేవాడని తాత చెబితే మేం నమ్మలేదు. నమ్మకపోయినా ప్రయత్నించాం. కుడిచేత్తో ఆది, ఎడమచేత్తో రూపకం వరకూ అప్ప వేయగలిగింది. తమ్ముడు కాళ్లు కూడా కలిపి అరుగు మీంచి కింద పడ్డాడు. తాత వయసులో ఉన్నప్పుడు మా వైపు రాత్రంతా ఆడే తూర్పు భాగవతం నాటకానికి మద్దెల వాయించాడు. సత్యభామ జడ పట్టుకుని తెర ముందుకొచ్చిన దగ్గర నుంచి తెల్లవారేదాకా ఆ మద్దెల ఆగకూడదు. మాకు తెలిసేసరికి అది అటక మీద, మూత చిరిగి, లోపల ఎలుకలు పిల్లలు పెట్టిన మద్దెల.

తమ్ముడు లెక్కలు నేర్చుకుంది కోళ్ల దగ్గర. కోడి గుడ్డు పొదగడానికి 21 రోజులు, బాతు గుడ్డుకి 28. ఒక పొదుగు కోడి కింద రెండూ కలిపి పెట్టి, పిల్లలన్నీ ఒకేరోజు బయటికి రావాలంటే ఏం చెయ్యాలి? ఇదీ అమ్మ ఇచ్చిన లెక్క. వాడు క్యాలెండరు ముందు చాలాసేపు నిలబడి, బాతు గుడ్లు వారం ముందు పెట్టాలన్నాడు. పెట్టాం. ఒకటి రెండు మురిగినా మిగతావి వాడు గీత పెట్టిన రోజునే బయటికొచ్చాయి. వాడి గర్వం చూడాలి. కొన్నాళ్లకి బాతు పిల్లలు చెరువులోకి దిగిపోయాయి. గట్టు మీద ఆ తల్లికోడి చేసిన గోలకి పక్కింటి మామ్మ వచ్చి, "ఈ పాపం మీదే" అని మమ్మల్ని కేకలేసింది.

చరిత్ర పాఠం మాత్రం మా ఇంట్లో ఎప్పుడూ గొడవతోనే ముగిసేది. మా మామ్మ పుట్టిల్లు బొబ్బిలి దగ్గర. తాత విజయనగరం వైపు. 1757 జనవరిలో జరిగిన బొబ్బిలి యుద్ధం వాళ్లిద్దరి మధ్యా ఇంకా అవుతూనే ఉంది. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు లేకపోతే మీవాళ్లు కోట గోడ ముట్టుకునేవారా అని మామ్మ. మాట వినకుండా మొండికేసిందెవరని తాత. తాండ్ర పాపారాయుడు డేరాలోకి దూరి అప్పటి విజయనగరం రాజు విజయరామరాజుని పొడిచిన ఘట్టం వచ్చేసరికి మామ్మ పప్పుగుత్తి పట్టుకుని నిలబడి మరీ చెప్పేది. అమ్మ ఇద్దరి మాటలూ రెండు వైపులా రాసుకుని, ఏది ఎక్కువ నమ్మాలో, ఎందుకో రాయమనేది. నేను అన్నం పెట్టేది మామ్మ కాబట్టి బొబ్బిలి అని రాశాను. సున్నా వేసింది.

ఆ యుద్ధంతో ముడిపడిన కథే పైడితల్లి అమ్మవారిది. రాజుగారి చెల్లెలు ఆ దుఃఖంతో పోయి పెద్దచెరువులో అమ్మవారై వెలిసిందంటారు. విజయదశమి తరవాత వచ్చే మంగళవారం సిరిమానోత్సవం. ఆ ఏడాది అక్టోబరు 7న పడింది. ముందురోజు సోమవారం జరిగే తొలేళ్లకే చుట్టుపక్కల ఊళ్లన్నీ పట్నంలో ఉంటాయి. మేమూ బండి కట్టుకుని వెళ్లి తెలిసినవాళ్ల వాకిట్లో పడుకున్నాం. మానుగా ఏ చింతచెట్టుని కొట్టాలో అమ్మవారే పూజారికి కలలో చెబుతుందంటారు. చిటారుకొమ్మన కట్టిన పీట మీద పూజారి కూర్చుంటే, గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పుతారు. ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల. జనం విసిరే అరటిపళ్లు గాల్లో ఎగురుతుంటే తమ్ముడు నాన్న భుజాల మీంచి ఒకటి పట్టుకుని అక్కడే తినేశాడు. అమ్మవారికి వేసింది తినొచ్చా అని అప్పకి టెన్షన్. ప్రసాదమే కదా అని నాన్న.

ఆ వచ్చిన ఆదివారమే హుద్‌హుద్.

తుపాను వస్తుందని రేడియోలో చెబుతూనే ఉన్నారు. మా వైపు తుపాన్లు కొత్త కాదు కాబట్టి పెద్దవాళ్లు కంగారు పడలేదు. 12వ తేదీ పొద్దున్నుంచి గాలి ఒక దిక్కున కొట్టి, కాస్త తెరిపిచ్చి, మళ్లీ ఇంకో దిక్కున అందుకుంది. తాత చేసిన మొదటి పని సాలలోకి వెళ్లి పసరాల పలుపులు విప్పించడం. కట్టేసి ఉంటే పైకప్పు కూలినప్పుడు తప్పించుకోలేవు. గేదెలు బయటికి పోకుండా గోడవార తోకలు గాలికి పెట్టి నిలబడ్డాయి. ఇంట్లో మధ్యగదిలో అందరం. పెంకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే అప్ప వయొలిన్ పెట్టెని గోనెలో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. భయంతో తమ్ముడు ఏడుపు ఆపకపోతే తాత అటక మీంచి ఆ పాడుబడ్డ మద్దెల దింపించాడు. చెమ్మకి మూత వదులైపోయి దబదబమంది తప్ప పలకలేదు. పొయ్యి దగ్గర కాసేపు కాచాడు. అయినా చిరిగిన వైపు పలకదు కదా. ఒక్క చేత్తోనే వాయిస్తూ సత్యభామ దరువు ఎత్తుకున్నాడు. బయట ఆ గాలి, లోపల డెబ్భై దాటిన ముసలాయన ఆడగొంతుతో పాట. తమ్ముడు నవ్వాడు.

మధ్యలో ఎప్పుడో వెనక పెద్ద చప్పుడైంది. తెల్లారి చూస్తే పనస వేళ్లతో సహా పడుంది, సాల వైపు కాకుండా బావి వైపు. మామిడితోటలో సగం పోయింది. వరి చేలు ఈనే అదను, నీట్లో పడుకున్నాయి. నానబెట్టిన గోగు కట్టలు చెరువులో చెల్లాచెదురై ఊరంతా ఆ కుళ్లు వాసన. కరెంటు చాలా రోజులు లేదు. బుడ్డి దీపం దగ్గర అమ్మ మాతో నష్టం లెక్కలు వేయించింది. ఎకరాకి ఎన్ని బస్తాలు పోతాయి, నార ఎంత తగ్గుతుంది, చెట్టుకి ఎంత. కూడికలు అయ్యాక నాన్న పుస్తకం తీసుకుని చూసి, ఏం అనకుండా మూసేశాడు. తోట గురించి నాన్న చాలాకాలం మాట్లాడలేదు.

పనస మానుని కలపకి అమ్మేద్దామంటే తాత పడనివ్వలేదు. "గొల్లపల్లోళ్లకి సూపిద్దాం, వీణకి పనికొత్తాదేమో" అన్నాడు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో తరతరాలుగా వీణలు చేస్తారు. ముదిరిన పనస దుంగ ఒక్కదాన్నే తొలిచి కుండ, పొడవాటి దండి, చివర సింహంలాంటి యాళి తల అన్నీ అందులోంచే తీస్తారు. అందుకే ఏకాండి వీణ అంటారు. అతుకు ఉండదు. దీపావళి అయ్యాక అందరం వెళ్లాం. వాకిళ్లలో సగం చెక్కిన కుండలు బోర్లించి ఉన్నాయి. ఒకాయన దండి మీద మైనం ముద్ద పరిచి మెట్లు కూర్చుతున్నాడు. ఒక మెట్టు ఉంచడం, తీగ మీటి చెవి వాల్చి వినడం, వెంట్రుకవాసి జరపడం, మళ్లీ మీటడం. అలా 24 మెట్లు. అప్ప అక్కడే చతికిలబడింది, మళ్లీ బస్సు టైముకి లేపాల్సి వచ్చింది.

ఆయన తరవాత మా ఊరొచ్చి మాను చూశాడు. గొడ్డలి మడమతో అక్కడక్కడా కొట్టి విన్నాడు. మొదట్లో తొర్ర ఉంది. "ఇందులో వీణ లేదండి. మద్దెలైతే ఉంది" అన్నాడు. తాత మొహం ఎలా వెలిగిపోయిందో! దుంగ కోయించి, పైపైన చెక్కించి, వెంటనే ఎండకి పెడితే పగులుతుందని వేసవి దాకా నీడలో ఆరబెట్టాం. రోజూ పొద్దున తాత దాన్ని కొట్టి చూసుకోవడం మాకు అలవాటైపోయింది.

చలికాలంలో పెద్ద గేదె ఈనింది. గేదె చూడి పది నెలలు. రోజులు దగ్గరపడ్డాక తమ్ముడు సాలలోనే మంచం వేయమన్నాడు. ఈనిన రాత్రి వాడు మాత్రం నిద్రపోయాడు, చూసింది నేను. ముందు రెండు గిట్టలు, వాటి మీద ఆనించిన మూతి. నాన్న అది నొప్పి తీసినప్పుడే లాగాడు, ఆగినప్పుడు ఆగాడు. పెయ్య దూడ. మాయ పడేదాకా తాత లాంతరు పట్టుకుని అక్కడే. మర్నాడు జున్ను ఊరంతా పంచాం. సైన్సు పుస్తకంలో క్షీరదాల పాఠం అమ్మ ఆ వారమే తీసింది. నేనప్పటికి పాఠం కన్నా ముందున్నాను.

సంక్రాంతికి తప్పెటగుళ్లవాళ్లు వచ్చారు. రొమ్ముకి కట్టుకున్న తప్పెటలు, కాళ్లకి గజ్జెలు, ఒకరి మీద ఒకరు ఎక్కి నిలబడి కూడా దరువు తప్పకపోవడం. పండగ తరవాత మా పెద్ద ప్రయాణం. చంపావతి ఎక్కడికి పోతుందో చూడాలని తమ్ముడు వానాకాలం నుంచీ అడుగుతున్నాడు. నాన్న ఎడ్లబండి కట్టాడు. బస్సులో పోతే పూటలో అయ్యేదానికి బండేమిటని మామ్మ గొణిగింది. ఏరు ఆ రోజుల్లో ఇసకే ఎక్కువ. రోడ్డు ఏటికి దూరమైన చోటల్లా దిగి, అడ్డంగా నడిచి మళ్లీ చూసి వచ్చేవాళ్లం. ఇసకలో చెలమ తవ్వి ఎడ్లకి నీళ్లు పెట్టాం. నెల్లిమర్లలో జూట్ మిల్లు గోడ పక్క నుంచి వెళ్తుంటే మన గోగునార గోనెసంచి అయ్యేది ఇక్కడే అని నాన్న చూపించాడు. రాత్రి డెంకాడలో చుట్టాలింట మజిలీ. మర్నాడు కోనాడ, సముద్రం.

మా ఏరు సముద్రంలో ఘనంగా కలుస్తుందనుకున్న తమ్ముడికి నిరాశే. ఇసక దిబ్బకి అడ్డం పడి, పక్కకి తిరిగి, ఎటు పోవాలో తెలియనట్టు పల్చగా పారుతోంది. ఒడ్డున అలివి వల లాగుతున్నారు. రెండు వరసల్లో జనం, "హైలెస్సా" అంటూ. నాన్న కూడా తాడు పట్టాడు. మేమూ పట్టాం. ఆ పదం లేకపోతే అంతమంది బలం ఒక్కసారి పడదని అప్పుడు అర్థమైంది. కాస్త అవతల సముద్రపు తాబేలు ఒకటి చచ్చి పడుంది. గుడ్లు పెట్టడానికి ఈ కాలంలోనే ఒడ్డుకొస్తాయి, రాత్రిపూట ఇసకలో గుంట తీసి వందకి పైగా పెడతాయి, ట్రాలర్ల వలలో చిక్కితే ఊపిరికి పైకి రాలేక చస్తాయి అని ఒక ముసలి జాలరి చెప్పాడు. బతికున్న తాబేలు ఒక్కటీ కనబడలేదు. తమ్ముడు దారంతా అదే మాట్లాడాడు.

ఆ చలికాలంలోనే టెక్కలి దాకా బస్సులోనూ, అక్కడి నుంచి ఆటోలోనూ తేలినీలాపురం వెళ్లాం. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి చింతచెట్ల మీదే గూళ్లు కట్టుకుంటాయి. కింద ఇళ్ల వాకిళ్లన్నీ తెల్లటి రెట్ట, చేపల కంపు. ఆ ఊరివాళ్లు మాత్రం విసుక్కోరు. పక్షులు వస్తేనే ఊరికి మంచిదని వాళ్ల నమ్మకం. కొంగకి గొంతు లేదంటే మొదటిసారి విన్నాం. పెద్ద కొంగలు కూయవు, ముక్కులు టకటకా కొట్టుకుంటాయి. తమ్ముడు చెట్టు కింద కూర్చుని ఆ టకటకకి తొడ మీద తాళం వేశాడు. నాకెందుకో అక్కణ్నుంచే వాడికి దరువు పట్టిందనిపిస్తుంది. వాడు ఒప్పుకోడు.

వేసవిలో మద్దెలకి మూతలు వేయించారు. వాయించే ముందు ఎడమ మూతకి రవ్వపిండి తడిపి అద్దడం తమ్ముడి పని. ఎక్కువ అద్దితే గొంతు మూసుకుపోతుంది, తక్కువైతే లేచిపోతుంది. అమ్మవారి పండక్కి భాగవతం మేళం వస్తే, తాత కాసేపు వాయిస్తానని కూర్చున్నాడు. కాసేపే వాయించాడు. వేళ్లు సహకరించలేదు. మద్దెల మేళం కుర్రాడికిచ్చి పక్కన కూర్చుని తెల్లవారేదాకా విన్నాడు. అప్ప వయొలిన్ తెస్తానంటే మేళంవాళ్లు మొహమాటపడుతూనే సరేనన్నారు. అది ఆ గోలలో ఎవరికీ వినబడలేదు.

2015 జూన్‌లో జిల్లా పరిషత్ హైస్కూల్లో అప్పా నేనూ, ఊరి ఎలిమెంటరీలో తమ్ముడూ చేరిపోయాం. అమ్మకి ఇంకో ఏడాది ఓపిక లేదు, డబ్బూ లేదు. వయసుని బట్టి తరగతి ఇచ్చారు, ఎవరూ పెద్దగా ప్రశ్నలు వేయలేదు. హైస్కూలు సాయంత్రం నాలుగున్నరకి వదిలేసేది, అప్ప క్లాసులకి ఇబ్బంది రాలేదు. అమ్మ మళ్లీ ఉద్యోగంలో చేరింది, ఈసారి వేరే స్కూల్లో.

అప్ప ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తోంది. ఆదివారాలు మాత్రం వయొలిన్ తీస్తుంది. తోటలో కొత్త మామిళ్లు కాపుకొచ్చాయి, పనస మళ్లీ వేయలేదు. తాత 2019లో పోయాడు. మద్దెల తమ్ముడి దగ్గరుంది. సంక్రాంతికి మా వీధి భజనలో వాడే వాయిస్తాడు. కుడి మూత మార్పించాలి, ఈ పండక్కి తప్పకుండా మార్పిస్తాను అని ప్రతి పండక్కీ అంటాడు.